యాడ్‌వెర్బ్‌ని తోక చూసి గుర్తుపట్టొద్దు

మా అక్క కొడుకు 8వ తరగతి చదువుతున్నాడు. పోయిన నెల యూనిట్ టెస్టు పేపరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక పేరా ఇచ్చి, అందులో యాడ్‌వెర్బ్‌ల (క్రియావిశేషణాల) కింద గీత గీయమన్నారు. వీడు ‘ఫ్రెండ్లీ’ కింద గీశాడు, ‘లవ్లీ’ కింద గీశాడు, ‘లోన్లీ’ కింద గీశాడు. చివరికి ‘ఫ్యామిలీ’ కింద కూడా గీశాడు. అదే పేరాలో ఉన్న ‘ఫాస్ట్’, ‘వెల్’, ‘నెవర్’, ‘సూన్’, ‘వెరీ’ల జోలికి పోలేదు. 5కి 0 వచ్చింది.

“చివర ఎల్‌వై ఉంటే యాడ్‌వెర్బ్ అని క్లాసులో చెప్పారు పిన్నీ. ఒక్కటీ వదలకుండా వెతికి మరీ గీశాను” అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

వాడి మీద నాకు కోపం రాలేదు. చెప్పిన రూలు చెప్పినట్టే పాటించాడు పాపం. ‘ఫ్యామిలీ’ స్పెల్లింగ్ చివర ఎల్‌వై ఉంది మరి. ‘రిప్లై’లో ఉంది, ‘సప్లై’లో ఉంది, ‘జూలై’లో ఉంది, ‘ఇటలీ’లో ఉంది. ఆ రూలు ప్రకారం పోతే నెల పేరూ దేశం పేరూ కూడా యాడ్‌వెర్బ్‌లే అవ్వాలి.

నేను పన్నెండేళ్ళుగా సాయంత్రాలు ఇంట్లో పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు మీడియంలో మొదలుపెట్టి మధ్యలో ఇంగ్లీషు మీడియంలోకి మారినవాళ్ళే. నౌన్, వెర్బ్ దగ్గర వాళ్ళకి పెద్ద ఇబ్బంది ఉండదు. యాడ్‌వెర్బ్ దగ్గరికి రాగానే తడబడతారు. దీనికి కారణం పిల్లల తెలివి తక్కువ కావడం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. మనం వాళ్ళకి మాట తోక చూపిస్తున్నాం, ఆ మాట వాక్యంలో ఏ పని చేస్తోందో చూపించట్లేదు. పైగా ఆ పని చూపించడానికి పనికొచ్చే సాధనం వాళ్ళ నోట్లోనే ఉంటే దాన్ని ముట్టుకోనివ్వట్లేదు. ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినపడకూడదు కదా!

మన దేశంలో తరతరాలుగా చదువుతున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం తీసి చూడండి. యాడ్‌వెర్బ్ నిర్వచనంలో ఎల్‌వై మాటే ఉండదు. ఒక వెర్బ్ గురించో, యాడ్జెక్టివ్ (విశేషణం) గురించో, ఇంకో యాడ్‌వెర్బ్ గురించో విశేషించి చెప్పే మాట అనే ఉంటుంది. అది తరగతి గదిలోకి వచ్చేసరికి అరిగిపోయి, రెండు అక్షరాల చిట్కాగా మిగిలింది.

నేను చెప్పే సాధనం మన ‘గా’. నెమ్మదిగా నడిచాడు, గట్టిగా అరిచింది, శుభ్రంగా కడిగారు. స్కూలు గడప తొక్కని పిల్లలు కూడా ఇవి తప్పు లేకుండా అంటారు. నెమ్మది, గట్టి, శుభ్రం అనే మాటలకి గా చేరిస్తే పని ఎలా జరిగిందో చెప్పే మాట తయారవుతుంది. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాటలకీ మనం ఇదే చేస్తాం. స్లోగా, ఫాస్ట్‌గా, ఫ్రీగా, సీరియస్‌గా, టైట్‌గా. బండి నడిపేవాడితో ఎవరూ “స్లోలీ పోనీ” అనరు, “స్లోగా పోనీ” అంటారు. ఇంగ్లీషు యాడ్జెక్టివ్‌ని తీసుకుని, దాని ఎల్‌వైని అక్కడే వదిలేసి, మన గా తగిలించుకున్నాం. అంటే యాడ్జెక్టివ్ ఎక్కడ ఆగుతుందో, యాడ్‌వెర్బ్ ఎక్కడ మొదలవుతుందో మన నోటికి ముందే తెలుసు.

దీంట్లో నాకు ఇంకా నచ్చిన సంగతి ఒకటుంది. ‘యాక్చువల్లీ’, ‘బేసికల్లీ’ లాంటి వాటిని మాత్రం మనం ఎల్‌వైతో సహా తెచ్చుకున్నాం. “యాక్చువల్లీ నేను రేపు రావట్లేదు” అంటే రావడం ఏ తీరుగా జరుగుతుందో చెప్పడం లేదు. మొత్తం వాక్యం మీద మాట్లాడేవాడు తన మాట ఒకటి పెడుతున్నాడు. వీటినే సెంటెన్స్ యాడ్‌వెర్బ్‌లు అంటారు. పని తీరు చెప్పేవాటికి గా తగిలించి, వాక్యం మొత్తానికి ముందు నిలబడేవాటిని ఉన్నవి ఉన్నట్టు తీసుకున్నామన్నమాట. జనరల్‌గా, నార్మల్‌గా లాంటివి అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టి ఇది చెరగని గీత అని నేను అనను. కానీ ఏ వ్యాకరణమూ చదవని మనిషి కూడా ఈ తేడా ఇంత చక్కగా పాటించడం చూస్తే ముచ్చటేస్తుంది. ‘హోప్‌ఫుల్లీ’ని ఇలా వాక్యం మొత్తానికి వాడొచ్చా కూడదా అని అమెరికాలో దశాబ్దాల పాటు వాదించుకున్నారు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన స్టైల్‌బుక్‌లో దాన్ని 2012లో గానీ ఒప్పుకోలేదు.

అయితే గా ఒక చోట మోసం చేస్తుంది. అది చెప్పకుండా ‘గా ఉంటే యాడ్‌వెర్బ్’ అని వదిలేస్తే, ఎల్‌వై రూలు తీసేసి దాని చోట ఇంకో ఎల్‌వై రూలు పెట్టినట్టే.

వాడు పేపరు తెచ్చిన సాయంత్రం పొయ్యి మీద చింతపండు పులుసు మరుగుతోంది. గరిటెతో కాస్త తీసి, ఊది, వాడి అరచేతిలో వేశాను.

“ఎలా ఉంది?”

“పుల్లగా ఉంది.”

“ఇంగ్లీషులో చెప్పు. టేస్ట్ అనే మాట వాడి చెప్పు.”

కాసేపు ఆలోచించి, “ఇట్ టేస్ట్స్ సవర్లీ” అన్నాడు.

వాడు ఆ మాటకి ఎలా వచ్చాడో నాకు తెలుసు. పుల్ల-గా. గా ఉంది కాబట్టి ఎల్‌వై పెట్టాలి. లెక్క బాగానే ఉంది, కానీ ఇంగ్లీషులో అది ‘ఇట్ టేస్ట్స్ సవర్’. ఎందుకంటే పుల్లదనం పులుసుది. పులుసు ఏ పనీ చేయట్లేదు, ఊరికే ఉంది. ఇప్పుడు అదే వెర్బ్‌తో ఇంకో వాక్యం చూడమన్నాను. పిన్ని పులుసుని జాగ్రత్తగా రుచి చూసింది. ‘పిన్ని టేస్టెడ్ ఇట్ కేర్‌ఫుల్లీ’. ఇక్కడ జాగ్రత్త పులుసుది కాదు, రుచి చూడడం అనే పనిది. అందుకని ఎల్‌వై వచ్చింది. వెర్బ్ ఒకటే, తెలుగులో గా కూడా ఒకటే, ఇంగ్లీషులో దారులు రెండు.

తెలుగులో ‘గా’ అనేది ‘అవు’ అనే క్రియ నుంచే వచ్చింది. అందుకే అది పనికీ అతుకుతుంది, ఉండడానికీ అతుకుతుంది. కోపంగా మాట్లాడాడు, కోపంగా ఉన్నాడు. మనకి రెండూ ఒక్కటే. ఇంగ్లీషువాడు మొదటిదాన్ని ‘యాంగ్రిలీ’ అంటాడు, రెండోదాన్ని ‘యాంగ్రీ’ అంటాడు. అందంగా ఉంది అంటే ‘షీ ఈజ్ బ్యూటిఫుల్’, అందంగా పాడింది అంటే ‘షీ శాంగ్ బ్యూటిఫుల్లీ’. తెలుగు పిల్లలు లుక్, ఫీల్, స్మెల్, సౌండ్, టేస్ట్ దగ్గర చేసే తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే. ఆ తప్పు కింద ఎర్ర సిరా గీత పడుతుంది గానీ, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లాడికి ఎవరూ చెప్పరు.

నేను పిల్లలకి నేర్పే పరీక్ష చాలా చిన్నది. ఆ వెర్బ్ తీసేసి దాని చోట ‘ఈజ్’ పెట్టి చూడమంటాను. ‘ఇట్ టేస్ట్స్ సవర్’ని ‘ఇట్ ఈజ్ సవర్’ అన్నా వాక్యం నిలబడుతుంది. అంటే ఆ మాట మనిషికో వస్తువుకో చెందినది, యాడ్జెక్టివ్ చాలు. ‘పిన్ని ఈజ్ ఇట్ కేర్‌ఫుల్లీ’ అంటే ఏమీ మిగలదు. అంటే అక్కడ నిజంగా ఒక పని జరుగుతోంది, ఆ మాట పనికి చెందినది, యాడ్‌వెర్బ్ కావాలి. ‘టీచరుగా చేస్తోంది’, ‘నేను చూస్తుండగా’, ‘వచ్చావుగా’ లాంటి వాటిలో గా పూర్తిగా వేరే పనులు చేస్తుంది. వాటిని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పక్కన పెట్టేస్తారు, అక్కడ ఎవరూ తికమకపడరు.

ఇంగ్లీషు తోక సంగతికి వద్దాం. ‘ఫ్రెండ్లీ’ యాడ్జెక్టివ్, ‘స్లోలీ’ యాడ్‌వెర్బ్. తోక ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు? పాత ఇంగ్లీషులో ఇవి రెండు తోకలు. ‘లిచ్’ చేరిస్తే యాడ్జెక్టివ్, ‘లిచె’ చేరిస్తే యాడ్‌వెర్బ్. ఈ తోకకి మూలం శరీరం, రూపం అనే అర్థమున్న మాట. ఇప్పటి ‘లైక్’ కూడా ఆ కుటుంబానిదే. ‘ఫ్రెండ్లీ’ అంటే మొదట్లో స్నేహితుడి రూపంలో ఉన్నది అని. కాలక్రమంలో చివరి అచ్చు రాలిపోయి, రెండు తోకలూ అరిగి, ఒకే ఎల్‌వైగా మిగిలాయి. అందుకే ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, కాస్ట్లీ, కవర్డ్లీ ఇప్పటికీ నౌన్ ముందు దర్జాగా నిలబడతాయి.

అదే అచ్చు రాలిపోవడం ఇంకో చోట ఇంకో పని చేసింది. పాత ఇంగ్లీషులో చాలా యాడ్జెక్టివ్‌లకి చివర ‘ఎ’ ఒక్కటి చేరిస్తే యాడ్‌వెర్బ్ అయ్యేది. ఆ ‘ఎ’ పోయాక ‘హార్డ్’ రెండింటికీ ‘హార్డ్’గానే మిగిలింది. ‘ఫాస్ట్’ కూడా అంతే. వీటిని ఫ్లాట్ యాడ్‌వెర్బ్‌లు అంటారు. మన రోడ్ల పక్కన ‘గో స్లో’ అని బోర్డులుంటాయి. అది తప్పు, ‘గో స్లోలీ’ అని ఉండాలి అని దిద్దేవాళ్ళని నేను చూశాను. అది తప్పు కాదు, శతాబ్దాలుగా ఉన్న వాడుక. యాపిల్ కంపెనీ 1997లో ‘థింక్ డిఫరెంట్’ అని ప్రకటన వేసినప్పుడు కూడా ఇదే గొడవ జరిగింది, ‘డిఫరెంట్లీ’ అనాలి కదా అని.

హార్డ్ దగ్గర నాకొక సొంత గాయం ఉంది. డిగ్రీ అయ్యాక మొదటి ఉద్యోగానికి రాసిన అప్లికేషన్‌లో ‘ఐ విల్ వర్క్ హార్డ్లీ’ అని రాశాను. కష్టపడి పనిచేస్తాను అని నా ఉద్దేశం. కష్టం-గా, హార్డ్-లీ. ఇంటర్వ్యూలో ఒకాయన అది చదివి, పక్కాయనకి చూపించి నవ్వాడు. నాకేం అర్థం కాలేదు. వాళ్ళూ చెప్పలేదు. ‘హార్డ్లీ’ అంటే ‘దాదాపు చేయను’ అనే అర్థం వస్తుందని నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. ఆ రోజు ఆయన నవ్వు ఆపుకుని ఒక్క నిమిషం చెప్పి ఉంటే, ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు ఇంగ్లీషులో రాయాలంటే నా చేతులు వణికేవి కావు. లేట్–లేట్లీ, నియర్–నియర్లీ, హై–హైలీ కూడా ఈ జాతివే. ‘కేమ్ లేట్’ అంటే ఆలస్యంగా వచ్చాడు, ‘లేట్లీ’ అంటే ఈమధ్య. మొదటి నెలలోనే నా పిల్లల చేత ఈ నాలుగు జతలూ వాక్యాల్లో రాయిస్తాను.

పేరు కూడా కొంత దారి తప్పిస్తుంది. మనం క్రియావిశేషణం అంటాం. లాటిన్ ‘అడ్వెర్బియం’, అంతకు ముందు గ్రీకు ‘ఎపిర్రేమా’ కూడా అదే అర్థంలో పుట్టాయి, క్రియకి తోడుగా ఉండేది అని. ఆ పేరు విన్న పిల్లాడు క్రియ పక్కనే వెతుకుతాడు. ‘వెరీ హాట్’లో ‘వెరీ’ పట్టుకున్నది ‘హాట్’ని, అది యాడ్జెక్టివ్. ‘టూ ఫాస్ట్’లో ‘టూ’ పట్టుకున్నది ఇంకో యాడ్‌వెర్బ్‌ని. దీనికి తోడు మన తెలుగు వాచకంలో భాషాభాగాలు ఐదే. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లీషు క్లాసులో ఎనిమిది. యాడ్‌వెర్బ్‌కి అక్కడ సొంత గది ఉంది, ఇక్కడ లేదు. ఒకే పిల్లాడు ఉదయం ఐదు, మధ్యాహ్నం ఎనిమిది చదువుతుంటే, ఈ రెండింటికీ సంబంధం ఏమిటో ఒక్క పీరియడ్ కేటాయించి చెప్పాలి కదా.

మన ‘చాలా’ ఎంత పనిమంతురాలో చూడండి. చాలా వేడి, చాలా తిన్నాను, చాలామంది, చాలా ఇష్టం. అన్నిటికీ అదే. ఇంగ్లీషు ‘వెరీ’ అలా కాదు, వెర్బ్ మీద చెయ్యి వేయదు. అందుకే ‘నాకు మామిడిపండు చాలా ఇష్టం’ అనేది పిల్లల పుస్తకంలో ‘ఐ వెరీ లైక్ మ్యాంగో’ అవుతుంది. వెర్బ్ కావాలంటే ‘వెరీ మచ్’ అని చివరికి పోవాలి. చోటు విషయంలోనూ అంతే. తెలుగులో క్రియ చివర ఉంటుంది, తీరు చెప్పే మాట దాని ముందు కూర్చుంటుంది. ఆమె ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. దీన్ని ‘షీ స్పీక్స్ వెల్ ఇంగ్లీష్’ అని రాస్తారు. వెర్బ్‌కీ దాని కర్మకీ మధ్య మామూలుగా ఇంగ్లీషు ఎవరినీ దూరనివ్వదు. ‘వెల్’ చివరికి పోవాల్సిందే.

‘ఓన్లీ’ సంగతి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. మనకి దాని బదులు ‘ఏ’ ఉంది. రామే ఆదివారం ఇడ్లీ తింటాడు. రాము ఆదివారమే ఇడ్లీ తింటాడు. రాము ఆదివారం ఇడ్లీయే తింటాడు. ఏ మాటకి కావాలంటే ఆ మాట చివర అతుక్కుంటుంది, అనుమానానికి తావే ఉండదు. ఆ అలవాటుతోనే మనం “అయామ్ కమింగ్ ఫ్రమ్ దేర్ ఓన్లీ” అంటాం. అక్కణ్ణుంచే వస్తున్నాను. ఆ వాక్యాన్ని ఎగతాళి చేసేవాళ్ళు చాలామంది. నాకైతే దాంట్లో వెక్కిరించడానికి ఏమీ కనపడదు, తెలుగు ‘ఏ’కి సరైన ఇంగ్లీషు మాట వెతుక్కున్న మనిషి కష్టమే కనపడుతుంది. పిల్లలకి చెప్పాల్సింది ఇంతే. రాసేటప్పుడు ‘ఓన్లీ’ని దేనికి ‘ఏ’ పెడతావో దానికి ముందు పెట్టు. ‘ఓన్లీ రామ్’, ‘ఓన్లీ ఆన్ సండే’, ‘ఓన్లీ ఇడ్లీ’. ముందు తెలుగులో ‘ఏ’ ఎక్కడ పడుతుందో చూసుకుంటే ఇంగ్లీషులో చోటు తప్పదు.

తెలుగు వచ్చినవాడికి ఒక అదనపు చిక్కు ఉంది, అది సంపద వల్ల వచ్చిన చిక్కు. గబగబా, చకచకా, గటగటా, టక్కున, తటాలున, గభాలున. పని తీరు చెప్పడానికి మనకున్నన్ని చప్పుళ్ళు ఇంగ్లీషులో లేవు. వీటిలో దేనికీ గా కూడా అక్కర్లేదు. మళ్ళీ, ఎప్పుడూ, అప్పుడప్పుడు కూడా అంతే. మన భాషలోనే తోక లేనివి ఇన్ని ఉన్నాయని ఒకసారి చూపిస్తే, ‘సూన్’, ‘ఆఫెన్’, ‘నెవర్’లని పిల్లలు ఇక వదిలెయ్యరు. ఇంగ్లీషు చాలాసార్లు ఆ తీరుని వెర్బ్‌లోనే దాచేస్తుంది. గటగటా తాగితే ‘గల్ప్’, తూలుతూ నడిస్తే ‘స్టాగర్’, గుసగుసగా చెబితే ‘విస్పర్’, కుంటుతూ నడిస్తే ‘లింప్’. ‘మెల్లమెల్లగా’ని ‘స్లోలీ స్లోలీ’ అని రాసిన పిల్లలకి నేను మార్కులు తగ్గించను. పక్కన ‘గ్రాడ్యువల్లీ’ అని రాసి, ఎందుకో చెబుతాను.

ఆ సాయంత్రం పులుసు దించాక, అదే పేపరు మళ్ళీ చేయించాను. ఈసారి గీతలు వద్దన్నాను. ప్రతి మాట నుంచి అది పట్టుకున్న మాట దాకా పెన్సిల్‌తో ఒక బాణం వెయ్యమన్నాను. ‘ఫ్రెండ్లీ’ నుంచి బాణం ‘డాగ్’ మీదికి పోయింది. “ఇది నౌన్ కదా, అయితే యాడ్జెక్టివ్” అని వాడే అన్నాడు. ‘ఫాస్ట్’ నుంచి ‘ర్యాన్’ మీదికి, ‘వెరీ’ నుంచి ‘టైర్డ్’ మీదికి పోయాయి. తర్వాత నేను రెండు కొత్త వాక్యాలు రాసిచ్చాను. ‘ఎర్లీ’ దగ్గర ఆగాడు. ‘ది ఎర్లీ బస్’ అని ఒక చోట, ‘వోక్ అప్ ఎర్లీ’ అని ఇంకో చోట ఉంది. రెండు బాణాలూ వేసి, ఒకటి బస్సు మీద, ఒకటి లేవడం మీద వాలడం చూసి, పెన్సిల్ నోట్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు.

“మరి టుమారో పిన్నీ?”

నేను కొంచెం తటపటాయించాను. స్కూలు పుస్తకాల్లో అది యాడ్‌వెర్బ్. 2002లో కేంబ్రిడ్జి వాళ్ళు వేసిన హడిల్‌స్టన్, పుల్లమ్‌ల పెద్ద వ్యాకరణం మాత్రం ‘టుమారో’, ‘యెస్టర్‌డే’లని ప్రొనౌన్లలో పెట్టింది. ‘హియర్’, ‘దేర్’లని ప్రిపొజిషన్లలోకి మార్చింది. ఎక్కడా ఇమడని మాటలన్నీ ఒకే బుట్టలో పడేసి దానికి యాడ్‌వెర్బ్ అని పేరు పెట్టారని వాళ్ళ ఫిర్యాదు. 8వ తరగతి పిల్లాడికి ఇదంతా చెప్పాలా అనుకుని, “పరీక్షలో యాడ్‌వెర్బ్ అనే రాయి” అన్నాను.

వాడు ఒప్పుకోలేదు. “కానీ పిన్నీ, ‘టుమారో ఈజ్ సండే’లో బాణం ఎక్కడికి వెయ్యాలి? అది దేన్నీ పట్టుకోలేదు కదా. మనం కూడా రేపటి పరీక్ష, రేపటికి, రేపటి నుంచి అంటాం. నెమ్మదిగాకి అలా ఏదీ రాదు.”

పొయ్యి కట్టేసి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను.